మైపాడు గాలి, రాపూరు ఘాట్: మా టీమ్ సైక్లింగ్ క్యాంపు

200 కిలోమీటర్ల బ్రెవె (పోటీ కాదు, ఇచ్చిన సమయంలోగా ముగించాల్సిన దూరపు సైకిల్ రైడ్) పూర్తి చేయడానికి ఇచ్చే సమయం 13 గంటల 30 నిమిషాలు. లెక్కేస్తే గంటకు 15 కిలోమీటర్లు కూడా పడదు. ఈ లెక్క విని చాలామంది ‘ఇంతేనా’ అంటారు. పంక్చరు, టీ, భోజనం, ఎదురుగాలి, మధ్యాహ్నపు ఎండ అన్నీ ఆ గడియారంలోనే సర్దుకోవాలి. మా ఆఫీసు వాళ్లం ముగ్గురం, మా ఆడపడుచు కొడుకు, మొత్తం నలుగురం ఆ దూరాన్ని విడిపోకుండా తొక్కాలనుకున్నాం. ఆ ‘విడిపోకుండా’ కోసమే సంక్రాంతికి ముందు నెల్లూరులో జరిగిన ఎండ్యూరెన్స్ క్యాంపులో టీమ్‌గా చేరాం.

మొదటి సాయంత్రం అసలు రోడ్డెక్కనివ్వలేదు. ఒక్కొక్కరి సైకిలూ స్టాండుకి ఎక్కించి సీటు ఎత్తు చూశారు. పెడల్ అట్టడుగుకి వచ్చినప్పుడు మోకాలు పూర్తిగా చాచుకోకూడదు, 25 నుంచి 35 డిగ్రీల వంపు ఉండాలి. నా సీటు కొద్దిగా పైకి జరిపారు, అంతే. చాలాకాలంగా మోకాలి ముందు భాగంలో ఉన్న నొప్పి క్యాంపు అయ్యేలోగా తగ్గిపోయింది. ఖరీదైన చక్రాల గురించి ఆలోచించే ముందు ఎవరైనా ఈ పని చేయించుకోవాలని నా గట్టి అభిప్రాయం.

అసలు చదువు మైపాడు రోడ్డు మీద మొదలైంది. ఇందుకూరుపేట దాటాక దారికి అటూ ఇటూ వరినాట్లు, రొయ్యల చెరువులు. గాలికి అడ్డం వచ్చే చెట్టూ చేమా తక్కువ. ఈ కాలంలో ఈశాన్యం గాలి. తూర్పుకి పోతుంటే ఎడమ భుజం మీదుగా తోస్తూనే ఉంటుంది. గాలి అడ్డుని దాటడానికి పెట్టాల్సిన శక్తి వేగంతో సమానంగా పెరగదు, దాని ఘనంతో పెరుగుతుంది. వేగం గంటకి 25 కిలోమీటర్ల నుంచి 30కి పెంచితే, ఆ పెరిగిన వేగం కోసం గాలి మీద పెట్టే శక్తి 70 శాతం పైగా పెరుగుతుంది. ఎదుటి సైకిల్ చక్రం వెనకే అంటిపెట్టుకుని పోయేవాళ్లకి ఆ శ్రమలో పెద్ద వాటా మిగులుతుంది. దీన్నే డ్రాఫ్టింగ్ అంటారు. అందుకే వరసలో ముందుండే వంతు మార్చుకుంటూ పోవాలి.

వంతు మార్చుకోవడం చూడ్డానికి తేలికే. ముందున్నవాళ్లు మోచేయి ఆడించి, వెనక బండి రాలేదని చూసుకుని, పక్కకి జరిగి నెమ్మదిగా వరస చివరికి చేరాలి. బ్రేకు ముట్టుకోకూడదు. కష్టమంతా కొత్తగా ముందుకి వచ్చినవాళ్లది. అప్పటిదాకా నీడలో దాచుకున్న బలం కాళ్లలో ఉంటుంది, రాగానే జోరు పెరుగుతుంది. సరిగ్గా అప్పుడే, తన వంతు ముగించి అలసిపోయినవాళ్లు వరస చివర చక్రం అందుకోవాలి. వాళ్లకి అందదు. టీమ్ తెగేది అక్కడే. “ముందుకి వచ్చాక మీటరు చూడొద్దు, చివరివాళ్లు చక్రం పట్టుకున్నారా అని అడగండి” అని కోచ్ సార్ పదే పదే చెప్పారు. చివర ఉన్నవాళ్లు “పట్టాను” అని గట్టిగా అరవాలి. ఆ మాట వినబడేదాకా వేగం మారదు.

పక్కగాలికి ఏటవాలుగా, ఒకరి కుడి వెనక ఒకరు సర్దుకుంటే ఎక్కువ మరుగు దొరుకుతుంది. కానీ మనం రోడ్డుకి ఎడమ పక్కన తొక్కుతాం, గాలి కూడా ఎడమ నుంచే వస్తోంది. నలుగురం ఏటవాలుగా సర్దుకుంటే చివరివాళ్లు రోడ్డు మధ్యకి వస్తారు. వెనక నుంచి రొయ్యల లారీలు. అందుకే సార్ ఒప్పుకోలేదు: సింగిల్ వరసే, గాలి ఎంత కొట్టినా సరే. మన రోడ్ల మీద ఇదే సరైన పద్ధతి. వెనకున్నవాళ్లకి ముందు చక్రం తప్ప ఏమీ కనబడదు కాబట్టి ‘గుంత’, ‘గేదెలు’, ‘బస్సు’ అన్న కేకలు వరసంతా ఒకరి నుంచి ఒకరికి చేరాలి.

తిండి సంగతి క్లుప్తంగా చెబుతాను. గట్టిగా తొక్కితే ఒంట్లో దాచుకున్న గ్లైకోజన్ (పిండిపదార్థపు నిల్వ) రెండు గంటలు దాటాక అడుగంటడం మొదలవుతుంది. అందుకే ఆకలి వేయకముందే, గంటకి 60 గ్రాముల పిండిపదార్థం పడుతుండాలి. మా అకౌంట్స్ అన్న “ఓఆర్ఎస్ తాగుతున్నాం గదా” అన్నారు. లీటరు ఓఆర్ఎస్‌లో గ్లూకోజు 13.5 గ్రాములే. అది నీళ్లకీ ఉప్పుకీ పనికొస్తుంది గానీ తిండి కాదు. ఒక అరటిపండులో దాదాపు 25 గ్రాములు. గంటకి రెండు పళ్లు, బాటిల్లో చక్కెర, ఉప్పు, నిమ్మరసం. పల్లీ చెక్కలో నూనె ఎక్కువ, మెల్లగా అరుగుతుంది కాబట్టి ఆగినప్పుడు మాత్రమే.

చివర్లో రాపూరు ఘాట్. చీకటితోనే బయల్దేరి పొదలకూరులో టీకి ఆగాం. కొట్టు పెద్దామె మమ్మల్నీ సైకిళ్లనీ మార్చి మార్చి చూసింది.

“యాడికి పోతుండారమ్మా ఇంత పొద్దున్నే?”

“రాపూరు ఘాట్‌కి పెద్దమ్మా.”

“ఆ కొండలోకా! పెంచలయ్య సామికి దండం పెట్టుకొని పోండి.”

రాపూరు దాటి చిట్వేలు దారి పట్టాక వెలికొండల్లో ఎక్కుడు మొదలవుతుంది. ఎక్కుడులో వేగం గంటకి పది, పన్నెండుకి పడిపోతుంది. ఆ వేగంలో డ్రాఫ్టింగ్‌తో లాభం దాదాపు ఉండదు. మైదానంలో ఒకరి బలం ఇంకొకరికి అందుతుంది, కొండమీద ఎవరి బరువు వాళ్లే మోయాలి. ఒక వాక్యం ఆయాసపడకుండా పూర్తిగా పలకగలిగేంత జోరులో ఎక్కమన్నారు. మా అబ్బాయి “అత్తా, నేను పోతున్నా” అని ముందుకి వెళ్లిపోయాడు. సార్ ఆపలేదు. ఘాట్‌లో ఎవరి ఊపిరిని బట్టి వాళ్లు ఎక్కాల్సిందే, కలిసి ఎక్కాలని పట్టుబడితే అందరూ చెడతారు.

నేను పైకి చేరేసరికి మావాడు అరటిపండ్లు తిని, జాకెట్ వేసుకుని, చల్లగా కూర్చుని ఉన్నాడు. అకౌంట్స్ అన్న చాలాసేపటికి, చొక్కా పిండితే నీళ్లు కారేలా వచ్చారు. ఆయన కాలు నేల మీద పెట్టగానే అందరం హెల్మెట్లు అందుకున్నాం. ఎక్కడైనా జరిగేది ఇదే: వెనకబడినవారి కోసం ఆగుతాం, వారు రాగానే బయల్దేరతాం. అంటే అందరికన్నా ఎక్కువ అలసిన మనిషికే అందరికన్నా తక్కువ విశ్రాంతి. సార్ అందర్నీ మళ్లీ కూర్చోబెట్టారు. “బయల్దేరేది ఎప్పుడో చివర వచ్చినవాళ్లే చెప్పాలి. మిగతావాళ్లు అడగకూడదు కూడా.” అన్న తీరిగ్గా తిన్నారు, బాటిల్ నింపుకున్నారు, మేజోళ్లు విప్పి కాళ్లు ఆరబెట్టుకున్నారు. “ఇక పదండి” అన్నాక లేచాం. తిరుగుదారిలో పొదలకూరు దాటాక, ఎండ మాడుస్తున్న వేళ, అందరికన్నా ఎక్కువసేపు ముందు తొక్కింది ఆయనే.

నాకు క్యాంపు మొత్తంలో అన్నిటికన్నా విలువైనది ఈ నియమమే. గుండె వేగాన్ని బట్టి ఎంత జోరుగా తొక్కాలో చెప్పే హార్ట్‌రేట్ జోన్ల పట్టికలు ఎక్కడైనా దొరుకుతాయి.

ఇప్పుడు 200కి లెక్క వేసుకున్నాం. కదిలేటప్పుడు గంటకి 22 తొక్కితే తొమ్మిది గంటల పైచిలుకు. మిగిలిన నాలుగు గంటలకి పైగా టైములో మధ్యాహ్నం ఒక గంట నీడకి రాసుకున్నాం. మిగతా ఆగుళ్లకి నిమిషాలు ముందే రాసిపెట్టుకుందామని మావాడు అంటున్నాడు. నేను ఒప్పుకోవడం లేదు, అవి అన్న చేతిలోనే ఉండాలంటున్నాను. ఈ ఆదివారం మైపాడు రైడ్‌లో దాన్ని తేల్చుకోవాలి.