ఆడపిల్లలవి ఉన్నాయా అన్నా?

వేసవి సెలవుల్లో మా అమ్మాయికీ, పక్కింటి అమ్మాయికీ ఈత నేర్పించాలని నిశ్చయించుకున్నాను. నల్లగొండలో ఎండలు ముదిరాయంటే స్విమ్మింగ్ పూల్ గేటు ముందు మగపిల్లలు బారులు తీరుతారు. ఫీజు ఎంతో, ఏ వేళకు రావాలో బోర్డు మీద రాసి ఉంది. కాస్ట్యూమ్ లేనిదే నీళ్లలోకి దిగనివ్వరని కూడా రాసి ఉంది. అది లేనివాళ్లు ఏం చేయాలో మాత్రం రాయలేదు. కౌంటర్ దగ్గరికి వెళ్లి అడిగాను.

"కాస్ట్యూములు అద్దెకు ఇస్తారా అన్నా?"

"ఇస్తామమ్మా. బాబుకా?"

"కాదు, ఇద్దరు అమ్మాయిలకు. ఆడపిల్లలవి ఉన్నాయా?"

"అవి లేవమ్మా. ఎవరూ అడగరు."

ఆయన మర్యాదగానే చెప్పాడు. ఆ మాటే నాకు ముల్లులా గుచ్చుకుంది. అడగడానికి వచ్చిన తల్లి 'లేవు' అనగానే బిడ్డను తీసుకుని ఇంటికి వెళ్లిపోతుంది. ఆమె వచ్చి అడిగిందని ఏ రిజిస్టరులోనూ ఉండదు. ఆ తర్వాత వచ్చిన తల్లికీ అదే జవాబు.

మా అమ్మాయికి నేను కొనగలను. ఎదిగే పిల్ల, వచ్చే వేసవికి అది బిగుతవుతుంది, అయినా కొంటాను. పక్కింటి అమ్మాయి తల్లి మిషన్ కుట్టి ఇల్లు నడుపుతోంది. నెల ఫీజు వరకు ఎలాగో సర్దుకుంది. పైగా ఆమె అడిగేది చేతులు, మోకాళ్లు కప్పే నిండు కాస్ట్యూమ్. అది లేకపోతే పిల్లను పంపనని ముందే చెప్పింది. ఆమె మాటను నేను తప్పుపట్టను. పిల్ల బెరుకు లేకుండా నీళ్లలో దిగాలంటే ఒంటి మీద బట్ట నచ్చాలి.

"పోనీ, టీషర్టు, లెగ్గింగ్స్‌తో దిగనిస్తారా?" అని అడిగాను. కుదరదన్నాడు. ఈ విషయంలో నేను పూల్ వాళ్ల పక్షమే. నూలు బట్ట నీళ్లు పీల్చుకుని బరువెక్కుతుంది. నేర్చుకునే పిల్లను అది కిందికి లాగుతుంది. దాని పీచు ఊడి ఫిల్టర్‌లో చేరుతుంది. టోపీ తప్పనిసరి అనేది కూడా జుట్టు నీళ్లలో రాలి ఫిల్టర్‌కు అడ్డం పడకుండా ఉండాలనే. నియమం సరైనదే. అయితే నియమం పెట్టినవాళ్లు అది పాటించే వీలు కూడా కల్పించాలి కదా. మగపిల్లవాడు నిక్కరు అద్దెకు తీసుకుని దిగుతున్నాడు, ఆడపిల్ల గట్టు మీద కూర్చుని చూస్తోంది.

ఉన్నవి చూపించమన్నాను. నీలం రంగు ప్లాస్టిక్ తొట్టి బయటికి తీశాడు. గాగుల్స్ పట్టీలన్నీ ఒకదానికొకటి చిక్కుపడి ఉన్నాయి. ఒకటి విడదీసి, పట్టీ తగిలించుకోకుండానే కళ్ల మీద నొక్కి చూశాను. రబ్బరు మెత్తగా ఉంటే గాలి పోయి కాసేపు దానంతటదే నిలుస్తుంది. ఇది చేయి తీయగానే జారిపోయింది. అంచు గట్టిపడిపోయింది, ఇక నీళ్లు లోపలికి రాకుండా ఎలా ఆపుతుంది? ఒక నిక్కరు గుడ్డను రెండు వేళ్లతో సాగదీస్తే లోపలి సాగుడు దారాలు తెల్లగా బయటపడ్డాయి. క్లోరిన్ నీళ్లలో నానీ నానీ అలా అయిపోతుంది.

గాగుల్స్ అద్దెకు తీసుకోవద్దనే నేను చెబుతాను. కళ్లకలక ఒకరి నుంచి ఒకరికి ఇట్టే అంటుకుంటుంది. గాగుల్స్, టోపీ ఎవరివి వాళ్లు కొనుక్కోవాలి. కాస్ట్యూమ్ సంగతి వేరు. సబ్బుతో శుభ్రంగా ఉతికి, నీడలో ఆరబెట్టి ఇస్తే అద్దెకు తీసుకోవడంలో ఇబ్బంది లేదు. కాళ్లు ఆడించడం నేర్పే పలక, లైఫ్ జాకెట్ అయితే పూల్‌లో ఉండి తీరాల్సినవి. వాటికి అద్దె కూడా తీసుకోకూడదని నా అభిప్రాయం. జాకెట్ ఇస్తే కొక్కేలన్నీ పెట్టి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. గడ్డం మీదికి జారిందంటే అది ఆ పిల్ల కొలతకు సరిపోదు. గాలి ఊదే రింగులను మాత్రం నమ్మొద్దు. అవి ఆటబొమ్మలు, ప్రాణరక్షణకు చేసినవి కావు.

మా చిన్నప్పుడు ఇవేవీ లేవు. ఎండిన సొరకాయ బుర్రను తాడుతో నడుముకు కట్టి మా పెదనాన్న మమ్మల్ని వ్యవసాయ బావిలోకి దింపేవాడు. పైన మెట్ల మీద నిలబడి, తాడు రెండో కొస తన చేతికి చుట్టుకునేవాడు. మేం అక్కచెల్లెళ్లం లంగా జాకెట్లతోనే ఈత నేర్చుకున్నాం, లంగా కాళ్లకు చుట్టుకుంటుంటే తన్నుకుంటూ నేర్చుకున్నాం. బోర్లు వచ్చాక ఆ బావి ఎండింది, తర్వాత పూడ్చేశారు. జిల్లాలో చాలా బావుల కథ ఇదే.

బావులు పోయినా నీళ్లు మనకు దూరం కాలేదు. పట్టణాన్ని ఆనుకునే పానగల్లులో ఉదయ సముద్రం అనే పెద్ద చెరువు ఉంది. సాగర్ ఎడమ కాలువ మన జిల్లా పొలాల మీదుగానే పారుతుంది. ఈత వచ్చినవాళ్లకు కూడా కాలువ ప్రమాదమే. ఏటవాలు సిమెంటు గోడలకు పాచి పట్టి ఉంటుంది, పట్టుకుని ఎక్కడానికి ఏమీ దొరకదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో నీట మునిగి దాదాపు 3 లక్షల మంది చనిపోయారు. ఏటా జూలై 25ను నీటి మునకల నివారణ దినంగా పాటించాలని ఐక్యరాజ్య సమితి ఆ ఏడాదే తీర్మానించింది. నీళ్ల పక్కన పెరిగే ఆడపిల్లకు ఈత సరదా కోసం కాదు, ప్రాణం కోసం రావాలి.

కౌంటర్ దగ్గరే ఒక కాగితం అడిగి తీసుకుని రాసిచ్చాను. ఎనిమిదేళ్ల నుంచి పదహారేళ్ల ఆడపిల్లలకు సరిపడే కొలతల్లో నిండు కాస్ట్యూములు తెప్పించాలి, ఉతికిన తర్వాతే ఇంకొకరికి ఇవ్వాలి, అద్దె ఎంతో డిపాజిట్ ఎంతో బోర్డు మీద రాయాలి అని. నా సంతకం కింద పక్కింటావిడ సంతకం పెట్టింది. క్యూలో ఉన్న మరో తల్లి కూడా కాగితం అందుకుని సంతకం చేసింది. సూపర్‌వైజర్ సోమవారం రమ్మన్నారు, వెళ్తున్నాను. మహబూబ్‌నగర్‌లోనో, సూర్యాపేటలోనో, మిర్యాలగూడలోనో ఉన్నవాళ్లు మీ దగ్గరి పూల్‌లో ఇదే ప్రశ్న అడగండి. ఆడపిల్లలకు ఎక్కడైనా ఇస్తున్నారంటే అద్దె ఎంతో, ఎలా ఉతుకుతున్నారో నాకు రాయండి. సోమవారం లోపు అందితే ఆ వివరాలు కూడా సూపర్‌వైజర్‌కు చూపిస్తాను.