స్నేహితుడు దాచమన్న మాట వాళ్ల అక్కకు చెప్పాను

"ఎవరికీ చెప్పకురా" అంటూ వాడు నాతో చెప్పిన సంగతి ఇది. నాన్న పోయాక పొలం తన పేరుకు మార్పించుకోవడానికి కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రానికి దరఖాస్తు పెడుతున్నాడు. అందులో అమ్మ పేరు, తన పేరు మాత్రమే ఉన్నాయి. పెళ్లయి హైదరాబాద్‌లో ఉంటున్న అక్క పేరు లేదు. విచారణకు వీఆర్వో వస్తే, వారసులు ఇంతేనని సాక్షిగా నేను సంతకం పెట్టాలి.

వాడు చెడ్డవాడు కాదు. నాన్నకు పక్షవాతం వచ్చాక లేపి కూర్చోబెట్టింది, పక్క బట్టలు మార్చింది వాడూ వాడి భార్యే. అక్కకు పెళ్లప్పుడు పసుపు కుంకుమ కింద అరెకరం ఇచ్చారు కూడా. "చెబితే గొడవ, చెప్పకపోతే అందరం బాగుంటాం" అన్నాడు. వాళ్లమ్మదీ అదే మాట. ఊళ్లో పెద్దమనుషులను అడిగినా చాలామంది అలాగే అనేవారు.

నాకు మాత్రం అక్కకు తెలియకుండా ఉన్నంతకాలమే నిలిచే ఆ ప్రశాంతత మీద నమ్మకం కలగలేదు. అది తాతల నాటి పొలం. అందులో కూతురికి కొడుకుతో సమాన హక్కు మన రాష్ట్రంలో 1986 సవరణతోనే మొదలైంది, 2005లో దేశమంతటికీ వచ్చింది. 2005 నాటికి తండ్రి బతికి ఉండాలా అన్న పేచీని కూడా 2020లో సుప్రీంకోర్టు తేల్చేసింది, అక్కర్లేదంది. ఎప్పుడో ఒకరోజు అక్క పొలం రెవెన్యూ రికార్డులు తీయిస్తే అంతా బయటపడుతుంది. అప్పుడు సివిల్ దావాతో పాటు తప్పుడు పత్రం మీద క్రిమినల్ కేసూ పడొచ్చు.

ముందు వాడితోనే చెప్పాను. "నేను సంతకం పెట్టను. ఆదివారం లోపు నువ్వే అక్కకు చెప్పు. లేదంటే నేను చెబుతా." వాడు నవ్వేసి ఊరుకున్నాడు. ఆదివారం రాత్రి నేనే ఫోన్ చేశాను. అక్క ఏడ్చింది, తర్వాత కోపంతో వెంటనే లాయర్‌ని పెడతానంది. "అక్కా, దావా వేస్తే ఏళ్లు పడుతుంది. ముందు న్యాయ సేవాధికార సంస్థలో అర్జీ పెట్టు" అని బతిమాలాను. అక్కడ మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంటుంది. కోర్టుకు వెళ్లకముందే రెండు పక్షాలనూ పిలిచి మాట్లాడిస్తారు.

నోటీసు అందిన రోజు నుంచి వాడు నాతో మాట్లాడటం మానేశాడు. మొదటిసారి కూర్చున్నప్పుడు అరుపులే. ఆ తర్వాతి వాయిదాకి వాడు నాన్న ఆసుపత్రి బిల్లుల ఫైలు తెచ్చి బల్ల మీద పడేశాడు. అక్క ఒక్కో కాగితం తిప్పి చూసింది. ఫిజియోథెరపీ రసీదులు, డైపర్ల బిల్లులు, వాడి భార్య గాజులు కుదువ పెట్టిన చీటీ. ఆ చీటీ దగ్గర ఆగి, "ఇది నాకెందుకు చెప్పలేదురా?" అని అడిగింది. అసలు మాటలు అక్కడి నుంచే మొదలయ్యాయి. వాడు ఆమె దగ్గర దాచింది పొలం ఒక్కటే కాదు, ఆ కష్టం కూడా.

అక్క సగం అడగలేదు. మూడో వంతు తీసుకుని, అమ్మ ఉన్నంతకాలం ఇంటిని కదపకూడదని షరతు రాయించింది. లోక్ అదాలత్‌లో అవార్డు ఇచ్చారు. దానికి సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది, దాని మీద అప్పీలు ఉండదు.

"నీతో చెప్పుకున్నది అక్కకెలా చెప్పావురా?" అని తర్వాత ఒకసారి అడిగాడు. నమ్మకం తప్పానన్న మాట నేను కాదనలేదు. "నీ అప్పుల సంగతి, నీ ఇంటి సంగతి ఇన్నేళ్లుగా నా దగ్గరే ఉన్నాయి, ఇకముందూ ఉంటాయి. అక్క వాటా మాత్రం నా దగ్గర దాచమనడానికి నీది కాదు" అన్నాను. వాడు ఒప్పుకోలేదు. ఇప్పటికీ నాతో ముక్తసరిగానే మాట్లాడతాడు, అందుకు వాణ్ని తప్పుపట్టను. అక్క భాగాన్ని కూడా వాడే కౌలుకు చేస్తున్నాడు. మొన్న పంట డబ్బు అక్క ఖాతాలో వేశాడట, ఆమే ఫోన్ చేసి చెప్పింది.