120 గళ్ల దుప్పటి

క్రోషియాతో అల్లుతున్న దుప్పటికి రాత్రి పదకొండున్నరకి ఆఖరి గడి కలిపేశాను. అడ్డం 10, నిలువు 12. నెల్లూరు ఎండలకి ఈ దుప్పటి ఎందుకే అని అమ్మ మొదట్నించీ అంటూనే ఉంది, కానీ నేను వాడింది ఊలు కాదు, కాటన్ దారం, ఒంటికి చల్లగానే ఉంటుంది.

చిన్నబజారులో దారం ఉండలు ఏరుకునేటప్పుడే నాకు సగం సంతోషం. చిలకపచ్చ పక్కన రాణి రంగు, దాని పక్కన మెంతి రంగు పెట్టి చూసుకోవడం, మళ్లీ మార్చడం. ఇంటికొచ్చి కొనకి కొక్కెం ఉన్న క్రోషియా సూది పట్టుకుని నాలుగు గొలుసు కుట్లు వేసి గుండ్రంగా కలిపితే గడి నడుమ చిన్న కన్ను తయారు, అందులోంచి మూడేసి కుట్ల గుత్తులు, తర్వాతి వరస నుంచి ఒక్కో మూలలో రెండు గుత్తులు పెడితే ఆ గుండ్రం కాస్తా చతురస్రం అవుతుంది. ఒకసారి మూల మర్చిపోయాను, గడి గిన్నెలా ముడుచుకుపోయింది. సూది తీసి దారం లాగితే సర్రున మొత్తం ఊడొచ్చేసింది, అదే దారంతో మళ్లీ మొదలుపెట్టాను. క్రోషియాలో నాకు బాగా నచ్చేది ఇదే.

ఇప్పుడు మంచం మీద పరిచాను. అమ్మ ఇందాకట్నుంచీ వస్తూ పోతూ అంచు తడిమి చూస్తోంది.