మా కుక్క కర్రి తోక మొదట్లో బొచ్చు: పది వారాల లెక్క

జూన్ 2
టైలర్ టేపు పెట్టి కొలిచాను. తోక మొదట్లో బొచ్చు ఊడిన చోటు పొడవు 9 సెంటీమీటర్లు, వెడల్పు 6. చర్మం ఎర్రగా ఉంది, గోక్కుని గోక్కుని గీతలు పడ్డాయి. కర్రి మా ఇంటి నల్ల కుక్క. కంచరపాలెంలో మా వీధిలో తిరిగేది, నాలుగేళ్ల కిందట గేటు లోపలికొచ్చి ఇక బయటికి పోలేదు. ఇక నుంచి ప్రతి ఆదివారం ఇదే కిటికీ దగ్గర ఫోటో తీసి, టేపుతో కొలవాలని నిర్ణయం. కొలత రాసిపెట్టకపోతే రోజూ "కాస్త నయమైంది" అనే అనిపిస్తుంది.

పక్కింటి అత్త కాలిన ఇంజిన్ ఆయిల్ రాయమంది. ఈ సలహా వైజాగ్‌లో ఏ వీధికెళ్లినా దొరుకుతుంది. కుక్క తన ఒళ్లు తను నాక్కుంటుంది కదా, ఆ ఆయిల్ అంతా కడుపులోకే పోతుంది. అక్కరలేదు అత్తా అన్నాను.

జూన్ 5
తప్పు నాదే. కొబ్బరినూనెలో కర్పూరం నలిపి రాశాను, చిన్నప్పుడు అమ్మ మాకు రాసినట్టు. గంటలో కర్రి చొంగ కార్చి వాంతి చేసుకుంది. వెంటనే కడిగేశాను. డాక్టరుకి ఫోన్ చేస్తే కర్పూరం కుక్కలకీ పిల్లులకీ విషమే అన్నారు. టీ ట్రీ ఆయిల్ కూడా వద్దన్నారు. ఉత్త కొబ్బరినూనె కొద్దిగా అయితే హాని లేదు కానీ, అది కూడా నాకేస్తుంది, ఎక్కువైతే విరేచనాలు. పైగా ఈ ఉక్కలో దుమ్మంతా అంటుకుంటుంది. నూనె సంగతి ఇక్కడితో సరి.

జూన్ 9
ఓట్స్ స్నానం. ఇది మాత్రం పనిచేసింది. మామూలు ఓట్స్ ఒక కప్పు మిక్సీలో మెత్తగా పొడిచేసి (మసాలా ఓట్స్ కాదు, మా తమ్ముడు అదే తెచ్చాడు), అర బకెట్ గోరువెచ్చని నీళ్లలో కలిపాను. పది నిమిషాలు మెల్లగా పోస్తూ ఉండి, తర్వాత మంచినీళ్లతో కడిగి పొడి తువ్వాలుతో ఒత్తాను. రాత్రి గోకుడు తగ్గింది. మనుషుల సబ్బు వాడలేదు, కుక్క చర్మం మనదాని లాంటిది కాదు, పొడిబారిపోతుంది.

వేపాకు నీళ్లు కూడా ప్రయత్నించాను. రెండు గుప్పిళ్ల ఆకు, రెండు లీటర్ల నీళ్లు, పది నిమిషాలు మరిగించి, చల్లార్చి, వడకట్టి చివర్లో పోశాను. వాసన తప్ప పెద్ద తేడా కనిపించలేదు. మా పిల్లి పండుకి మాత్రం పోయలేదు.

జూన్ 12
అసలు సంగతి ఇవాళ బయటపడింది. పేల దువ్వెనతో తోక దగ్గర దువ్వి, రాలిన నల్ల నలుసుల్ని తడి టిష్యూ మీద వేశాను. నలుసుల చుట్టూ ఎర్రటి మరక వచ్చింది. అది మట్టి కాదు, ఫ్లీస్ అనే రక్తం తాగే చిన్న పురుగులు వేసిన రెట్ట. లోపల ఉన్నది కర్రి రక్తమే. పిడుదులైతే ఒంటిని పట్టుకుని కదలకుండా ఉంటాయి, ఇవి బొచ్చులో పరిగెత్తి దూకేస్తాయి, అందుకే ఇన్నాళ్లూ నా కంటపడలేదు. డాక్టరు చర్మం గీరి మైక్రోస్కోప్‌లో చూసి గజ్జి లేదన్నారు. ఫ్లీ కుట్టినప్పుడు దిగే లాలాజలం కర్రికి పడదు, అంటే అలర్జీ. ఒకటి రెండు కుట్టినా చాలు, వీపు కింది భాగం, తోక మొదలు కొరికేసుకుంటుంది.

కర్రికి ఫ్లీస్ చంపే మాత్ర. పిల్లి పండుకి పిల్లుల కోసమే చేసిన, చర్మం మీద వేసే చుక్కల మందు. కుక్కల చుక్కల మందులు కొన్నింటిలో పర్మెత్రిన్ అనే పురుగుల మందు ఉంటుంది, పిల్లికి అది తగిలితే వణుకు, ఫిట్స్, ప్రాణం పోవచ్చు కూడా. ఇంట్లో రెండూ ఉన్నవాళ్లు డబ్బా మీద అక్షరాలు రెండుసార్లు చదవాలి.

జూన్ 23
కొలత అదే, 9 × 6. ఫ్లీస్ ఇంకా కనిపిస్తున్నాయి. మందు పనిచేయలేదేమోనని టెన్షన్ పడ్డాను. గుడ్లు కుక్క ఒంటి నుంచి నేల మీదికి రాలిపోతాయట. లార్వా చీకటి సందుల్లో తేమ పట్టుకుని పెరిగి గూడు కట్టుకుంటుంది, ఆ గూట్లో వారాల తరబడి ఉండగలదు. అంటే ఇప్పుడు పుట్టుకొస్తున్నవి పాత గుడ్లవే. సోఫా సందులు, మంచం కింద రోజూ ఊడ్చి తుడుస్తున్నాను. కర్రి దుప్పటి వారానికోసారి వేడినీళ్లలో నానబెట్టి ఉతుకుతున్నాను. వానలకి ఆరక చస్తోంది, ఫ్యాన్ కింద రెండు రోజులు.

సముద్రంలో చేపల వేట నిషేధం జూన్ 14తో అయిపోయింది కాబట్టి హార్బర్‌లో కవళ్లు (సార్డిన్ చేపలు) మళ్లీ దొరుకుతున్నాయి. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి ఏమీ లేకుండా ఉడికించి, ముళ్లు తీసి వారానికి రెండుసార్లు పెడుతున్నాను. చేప కొవ్వులో ఉండే ఒమేగా 3 చర్మానికి మంచిదని. మందూ చేపా ఇంచుమించు ఒకేసారి మొదలుపెట్టాను కాబట్టి దేని ఫలితం ఎంతో నేను విడదీసి చెప్పలేను.

జూలై 7
నల్లటి నూగు! చర్మం రంగు మామూలుకొచ్చింది.

జూలై 14
కర్రి కుదుటపడుతుంటే పండు మొదలెట్టింది. చెవి వెనక గుండ్రంగా బొచ్చు ఊడి, అంచున బూడిద రంగు పొట్టు. అసలు గోక్కోవట్లేదు. ఇదీ ఫ్లీసే అనుకుని ఓట్స్ స్నానం చేయించబోయి చేతుల నిండా గీరించుకున్నాను. తర్వాత నా మణికట్టు మీద ఎర్రటి ఉంగరం లేచింది.

తామర, అంటే రింగ్‌వర్మ్ అనే ఫంగస్ జబ్బు. డాక్టరు చీకటి గదిలో నీలి లైటు వేస్తే బొచ్చు ఆకుపచ్చగా మెరిసింది. మెరవకపోయినా తామర లేదని అనుకోవడానికి లేదట, అందుకే నాలుగు వెంట్రుకలు పీకి కల్చర్‌కి, అంటే ఫంగస్ పెరుగుతుందేమో చూసే ల్యాబ్ పరీక్షకి పంపారు. ఇది మనుషులకీ అంటుతుంది. పండు వెనక గదిలోకి, నేను చర్మం డాక్టరు దగ్గరికి. వేపాకూ ఓట్సూ పక్కన పెట్టి, ఇద్దరికీ యాంటీఫంగల్ మందే. గదిలో రాలిన బొచ్చు రోజూ ఎత్తేసి ఆ తర్వాతే నేల తుడుస్తున్నాను, బొచ్చులోనే ఫంగస్ ఉంటుంది.

ఆగస్టు 11
కర్రి: బట్టతల 2 × 1. దూరం నుంచి చూస్తే తెలియదు. మాత్ర మాత్రం ఆపొద్దన్నారు.
నా ఉంగరం మాసిపోయింది. పండు చెవి వెనక సన్నగా బొచ్చు వచ్చింది కానీ మరో కల్చర్ ఫలితం వచ్చేదాకా గదిలోనే. తలుపు కింద నుంచి పంజా బయటపెట్టి కర్రి మూతి మీద కొడుతోంది.