భైరవకోన దారిలో జెప్పెలిన్ గొడవ

నెల్లూరు నుంచి ఆత్మకూరు, ఉదయగిరి, సీతారామపురం మీదుగా భైరవకోన వెళ్ళాం. వానలు పడ్డాక వెళ్తే జలపాతంలో నీళ్ళుంటాయని తెలిసినవాళ్ళు చెప్పారు. కారులో పాటల పెత్తనం మా మేనల్లుడిది. ఇంజనీరింగ్ చదువుతూ గిటార్ నేర్చుకుంటున్నాడు. ఆత్మకూరు రాకముందే గ్రేటా వాన్ ఫ్లీట్ అనే రాక్ బ్యాండ్ పాటలు మొదలుపెట్టాడు.

"ఇది లెడ్ జెప్పెలిన్ కదరా!" అన్నాను, పాత ఇంగ్లండ్ రాక్ బ్యాండ్‌ను తలుచుకుని.

వాడి మొహం మాడిపోయింది. "ఏంది మామయ్యా, ప్రతి ఒక్కరూ ఇదే మాట!"

ఎందుకనరు? అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో ముగ్గురు అన్నదమ్ములు, ఓ స్నేహితుడు కలిసి నడిపే బ్యాండ్ ఈ గ్రేటా వాన్ ఫ్లీట్. 2019లో గ్రామీ కూడా కొట్టారు. అయినా వాళ్ళ గాయకుడు గొంతు పైకి లేపగానే నాకు జెప్పెలిన్ గాయకుడు రాబర్ట్ ప్లాంటే వినిపిస్తాడు. వాయించడంలో వంక పెట్టలేం. పోలికలు వెతుక్కోవడంలోనే నాకు సగం పాట అయిపోతుంది, అదీ తంటా.

ఉదయగిరిలో టీకి ఆగాం. ఎండ చూసి దుర్గం ఎక్కే ఆలోచన మానుకున్నాం. టీ గ్లాసు పట్టుకుని వాడు ఎదురుదాడికి దిగాడు. "మీ జెప్పెలిన్ వాళ్ళు మాత్రం తక్కువ తిన్నారా?"

అదీ నిజమే. జెప్పెలిన్ వాళ్ళ 1969 నాటి పాట 'హోల్ లాటా లవ్'లో కొన్ని మాటలు విల్లీ డిక్సన్ రాయగా అమెరికా బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్ 1962లో పాడిన పాటలోవి. డిక్సన్ 1985లో కోర్టుకెక్కితే రెండేళ్ళకు రాజీ కుదిరింది. ఇప్పుడు ఆ పాటకు ఆయన పేరు కూడా వేస్తున్నారు. నిర్వాణా బ్యాండ్ గాయకుడు కర్ట్ కొబేన్‌ది ఇంకో తీరు. పిక్సీస్ అనే బ్యాండ్‌లా రాయాలని చూశానని తనే చెప్పేశాడు. చరణం మెల్లగా సాగి పల్లవి దగ్గర ఒక్కసారిగా విరుచుకుపడడం వాళ్ళ దగ్గర నేర్చిందే. అయినా నిర్వాణా వింటుంటే పిక్సీస్ గుర్తుకురారు. నేను చూసేది అదే. బీటిల్స్ 1965లో తెచ్చిన ఆల్బమ్ విని అమెరికా బ్యాండ్ బీచ్ బాయ్స్‌లోని బ్రయన్ విల్సన్‌కు పట్టుదల పుట్టి, మరుసటి ఏడు 'పెట్ సౌండ్స్' ఆల్బమ్ చేశాడు. అది విని బీటిల్స్ మళ్ళీ కదిలారు. అలాంటి పోటీ అయితే వినేవాళ్ళకు పండగే.

సీతారామపురం దాటాక సిగ్నల్ పోయింది, పాటలూ ఆగాయి.

భైరవకోనలో కొండను తొలిచి మలిచిన గుహాలయాలు ఎనిమిది. లోపల శివలింగాలు, వాకిళ్ళకు అటూ ఇటూ ద్వారపాలకులు, కొన్ని స్తంభాల అడుగున కూర్చున్న సింహాలు. మహాబలిపురం చూసినవాళ్ళు ఆ సింహాలను ఇట్టే పోల్చుకుంటారు. చరిత్రకారులు కూడా ఇక్కడ పల్లవుల శైలి, చాళుక్యుల ఛాయలు రెండూ ఉన్నాయంటారు. కార్తీక పౌర్ణమి రాత్రి అమ్మవారి మీద వెన్నెల పడుతుందని చెప్తారు గానీ, ఆ జనంలో రావడం నావల్ల కాదు.

ఈ పల్లవుల సంగతి చెప్పగానే వాడు అందుకున్నాడు. "చూశావా మామయ్యా? ఈ గుహలు మలిచినవాళ్ళనైతే ఎవరూ కాపీ అనరు!"

"వీళ్ళ మీద కేసు వేయడానికి డిక్సన్ లేడుగా," అన్నాను. పక్కన దణ్ణం పెట్టుకుంటున్న పెద్దాయన మావైపు అదోలా చూశాడు.

జలపాతం కింద తడిసి, తెచ్చుకున్న పులిహోర తిని తిరుగుదారి పట్టాం. సిగ్నల్ రాగానే వాడు మడ్డీ వాటర్స్ పాట వెతికి పెట్టాడు. అయ్యేదాకా కిమ్మనలేదు.

"మామయ్యా, ఈయన ముందు మీ ప్లాంట్ కూడా కుర్రాడే!"

ఉదయగిరి నుంచి నెల్లూరు దాకా ఆ మాట మీదే కొట్టుకున్నాం.