ఆకుపచ్చ కాగితం, గులాబీ కాగితం

శనివారం. పొద్దుట్నుంచీ ముసురు.

విశాఖలో ఇలాంటి రోజు గోడ మీద చెయ్యి ఆనిస్తే చాలు, చెమ్మ ఎక్కడ పడుతోందో తెలిసిపోతుంది. ఇవాళ చూసిన జిప్సం పార్టిషన్ వాష్ ఏరియాకీ పడగ్గదికీ మధ్యది. జిప్సం బోర్డంటే రెండు కాగితాల మధ్య జిప్సం పలక. వేసింది తేమ తట్టుకునే ఆకుపచ్చ బోర్డే. అయినా నేల నుంచి జానెడు ఎత్తు వరకు ఉబ్బి, రంగు పొరలుగా లేచింది. స్కర్టింగ్ ఊడదీస్తే కారణం కనబడింది. బోర్డును నేలకు ఆనించి బిగించేశారు. కోసిన అంచుకు కాగితం ఉండదు. నిలిచిన నీళ్లను వత్తి నూనె పీల్చినట్టు పైకి లాగుతుంది. లోపల కలిపిన సిలికాన్ ఆ పీల్చడాన్ని నెమ్మది చేస్తుందే గాని ఆపదు. కింద 10–12 మిల్లీమీటర్ల సందు వదిలి, ఆ సందును సీలెంట్‌తో నింపి ఉంటే ఈ గోడ బాగానే ఉండేది.

షాపుల్లో దీన్ని వాటర్‌ప్రూఫ్ అని అమ్మేస్తారు. కాదు. యూరప్ ప్రమాణం ఈఎన్ 520లో హెచ్1 అనే మేలురకానికి లెక్క ఇది: రెండు గంటలు నీళ్లలో ముంచితే బరువులో 5 శాతానికి మించి పీల్చకూడదు. ఇంట్లో సరిచూసుకోవడం పెద్ద పనేం కాదు. అడుగు చదరం ముక్క అడిగి తెచ్చి, వంటింటి త్రాసులో తూచి, బకెట్లో రెండు గంటలు ముంచి, పైతడి తుడిచి మళ్లీ తూచాలి. 800 గ్రాముల ముక్క 840 దాటిందంటే కాగితం పచ్చగా ఉన్నంత మాత్రాన లాభం లేదు.

వాష్‌బేసిన్ వెనక, వంటింటి సింకు పక్కన, వాష్ ఏరియా గోడకు ఆకుపచ్చది సరిపోతుంది. షవర్ నీళ్లు నేరుగా కొట్టేచోట మాత్రం సిమెంటు బోర్డే. దేనిమీద టైల్ అంటించినా ముందు మూలలకూ జాయింట్లకూ టేప్ వేసి, రెండు కోట్లు వాటర్‌ప్రూఫింగ్ కొట్టాల్సిందే. టైల్ సందుల్లోంచి నీళ్లు దిగుతాయని ఎందుకో ఎవరూ నమ్మరు. గీజరు మాత్రం ఇటుక గోడకే.

గులాబీ బోర్డు సంగతి వేరు, అది మంటను తట్టుకునేది. అసలు జిప్సంలోనే బరువులో అయిదో వంతు నీరు రసాయనికంగా బంధించి ఉంటుంది. మంట తగిలితే అది ఆవిరై పోతూ ఉన్నంతసేపూ వెనక వైపు వేడి దాదాపు 100 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. మామూలు బోర్డుకూ ఈ గుణం ఉంది. కానీ ఆ నీరు అయిపోయాక అది కుంచించుకుని, బీటలు వారి రాలిపోతుంది. గులాబీ దాంట్లో కలిపిన గాజు నార ఆ పిండిని పట్టి ఉంచుతుంది. వర్మిక్యులైట్ అనే ఖనిజం కూడా ఉంటే వేడికి ఉబ్బి, కుంచించుకున్న చోటును నింపుతుంది. ముక్కను విరిచి చూడండి. అంచున సన్నటి గాజు పోగులు కనిపించాలి. అమెరికాలో ఇల్లు కొన్న మనవాళ్లు ఇలాంటి బోర్డు అక్కడి పేరు, టైప్ ఎక్స్, వినే ఉంటారు. గరాజ్ పైన గది ఉంటే గరాజ్ కప్పుకు 5/8 అంగుళం టైప్ ఎక్స్ బోర్డు వేయాలని అక్కడి ఇళ్ల నియమావళిలోనే ఉంది.

అయితే మంటను గంటసేపు ఆపుతుందన్న రేటింగ్ బోర్డుకు కాదు, మొత్తం గోడకు. ఫ్రేమ్, లోపల నింపే రాక్‌వూల్ (రాతి ఉన్ని), ఎన్ని పొరలు, జాయింట్లు, అన్నీ పరీక్షలో ఎలా ఉన్నాయో గోడలోనూ అలాగే ఉండాలి. గోడకు రెండు వైపులా ఒకేచోట స్విచ్ బాక్సులు పెట్టి రెండు రంధ్రాలు కోస్తే, ప్లాస్టిక్ బాక్సు కరిగాక మంటకు దారి ఇచ్చినట్టే. వాటిని వేర్వేరు స్టడ్‌ల (ఫ్రేమ్‌లోని నిలువు కమ్మీల) మధ్య ఎడంగా పెట్టాలి. పైపు, వైరు దూరే సందుల్ని ఫైర్ సీలెంట్‌తో మూయాలి. గులాబీ బోర్డుకు అంత ఖర్చు పెట్టి, ఈ చిన్న సీలెంట్ డబ్బా దగ్గర పిసినారితనం చూపిస్తారు.

పాడైన గోడ 10 అడుగుల పొడవు, 9 అడుగుల ఎత్తు. 6 అడుగుల బోర్డులు వద్దు, మధ్యలో అడ్డ జాయింటు పడుతుంది. 4×10 అడుగులవి, 12.5 మిల్లీమీటర్ల మందం. రెండు వైపులా ఒకే రకం అయితే ఒకదాన్ని నిలువునా చీల్చి అయిదుతో సరిపెట్టొచ్చు. ఇక్కడ వాష్ ఏరియా వైపు ఆకుపచ్చ, పడగ్గది వైపు మామూలువి కాబట్టి మూడేసి. స్టడ్‌లు రెండడుగులకొకటి చొప్పున ఆరు. టైల్ వేస్తామంటే 16 అంగుళాలకొకటి, తొమ్మిది. స్టడ్‌లు కూర్చునే అడ్డ పట్టీ, అంటే ట్రాక్, పైనా కిందా కలిపి 20 అడుగులు. ఒక వైపు జాయింటు పడిన స్టడ్ మీద రెండో వైపు జాయింటు పడకూడదు. 25 మిల్లీమీటర్ల స్క్రూలు, 300 మిల్లీమీటర్లకొకటి. తల కాగితాన్ని నొక్కాలే గాని చింపకూడదు. చిరిగితే ఆ స్క్రూ పట్టు పోయినట్టే, పక్కన ఇంకోటి కొట్టాలి.

పాత కింది ట్రాక్‌కు తుప్పు పట్టింది. అదీ ఆర్డర్లో రాయాలి.