బతుకమ్మ ఆడిన పది నిమిషాలు

2019 ఏప్రిల్ 11న లోక్‌సభ ఎన్నికల పోలింగు ముగిశాక, మునుగోడు దగ్గరి ఒక పల్లె బడిలో కూర్చొని ఓటింగు యంత్రాల పెట్టెలకు సీళ్లు వేస్తుంటే, కరిగిన లక్క నాకు ఎరుపుగా కాక వెలిసిపోయిన ఇటుక రంగులో కనిపించింది. ఎడమ కన్ను మూస్తే ఆ ఇటుక రంగు, కుడి కన్ను మూస్తే మామూలు ఎరుపు. కుడి కన్నును పక్కకు తిప్పినప్పుడల్లా లోపల ఎక్కడో లాగినట్టు నొప్పి వచ్చేది. రెండు రాత్రులుగా నిద్ర లేదు కనుక దాని వల్లనే అనుకొని, సామగ్రి అప్పగించి ఇంటికి వచ్చి పడుకున్నాను. నాలుగో రోజుకు ఆ కంటికి అక్షరాలు ఆనడం మానేశాయి.

నల్లగొండలోని కంటి డాక్టరు గారు కంటిలో దోషమేమీ లేదని, కంటి వెనక నరం వాచిందని చెప్పి హైదరాబాదుకు పంపారు. అక్కడ మెదడుకూ వెన్నుపాముకూ ఎమ్మారై తీసి, వెన్నులోంచి నీరు తీసి పరీక్షించి, మల్టిపుల్ స్క్లెరోసిస్ అన్నారు. కరెంటు తీగ మీద రబ్బరు తొడుగు ఎలాగో నరాల మీద మైలిన్ అనే పొర అలాగని, ఒంటిని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థే ఆ పొరను కొరికేస్తుందని, తొడుగు పోయిన చోట సంకేతాలు నెమ్మదిస్తాయనో ఆగిపోతాయనో ఆ డాక్టరు ఓపికగా వివరించారు. మిథైల్ ప్రెడ్నిసొలోన్ రోజుకు ఒక గ్రాము చొప్పున ఐదు రోజులు సెలైన్‌లో ఎక్కించారు. ఆరు వారాలలో చూపు దాదాపుగా తిరిగి వచ్చింది. ఎరుపు మాత్రం ఆ కంటికి ఇప్పటికీ కొంచెం వెలిసినట్టే ఉంటుంది.

జూన్‌లో బడి తెరిచే నాటికి స్టెరాయిడ్ల వల్ల నా ముఖం గుండ్రంగా ఉబ్బి ఉంది. "సెలవుల్లో మంచిగ ఒళ్ళు చేసిన్రు మేడం" అన్నారు స్టాఫ్ రూములో. తరువాత మొదలుపెట్టిన డైమిథైల్ ఫ్యూమరేట్ మాత్రలు వేసుకున్న కాసేపటికి ముఖం, మెడ ఎర్రబడి వేడెక్కుతాయి. అది ఆ మందుకు తెలిసిన దుష్ప్రభావమే. దానికి కూడా "ముఖం కళగా ఉంది" అన్న మెచ్చుకోలే వచ్చింది. నా జబ్బుకు బయటికి కనిపించిన గుర్తులు ఈ రెండే, రెండూ ఆరోగ్యం లాగానే కనిపించాయి.

2021 వేసవిలో జబ్బు రెండోసారి దాడి చేసినప్పుడు ఎడమ కాలు నడుము దాకా మొద్దుబారింది. మళ్ళీ స్టెరాయిడ్లు, తరువాత నాలుగు నెలల ఫిజియోథెరపీ. నడక తిరిగి వచ్చిందన్న మాట నిజమే కానీ, అది రోజుకొక తీరుగా వచ్చింది. ఒంటి వేడి అర డిగ్రీ పెరిగినా తొడుగు చెడిన నరం మొరాయిస్తుంది. దీనిని 1890లో ఊథాఫ్ అనే జర్మన్ కంటి వైద్యుడు గుర్తించాడట. ఎమ్మారై లేని కాలంలో రోగిని వేడినీళ్ళ తొట్టిలో కూర్చోబెట్టి లక్షణాలు ముదురుతాయేమో చూసి ఈ జబ్బును నిర్ధారించేవారట. ఎండాకాలంలో నలభై నాలుగు, నలభై ఐదు డిగ్రీలు చూసే నల్లగొండలో ఉన్నవాళ్ళకు తొట్టి అక్కరలేదు. ఉదయం ప్రార్థన వేళకు అందరిలాగే నడిచే నేను, మధ్యాహ్నం రెండు గంటలకు ఎడమ పాదాన్ని ఈడ్చుకుంటూ గోడ పట్టుకొని నడుస్తాను. నీడలో ఫ్యాను కింద గంట కూర్చుంటే అది మళ్ళీ సర్దుకుంటుంది. చూసేవాళ్ళకు ఇది జబ్బులా కాక, తరగతి వచ్చినప్పుడు కుంటి, ఇంటికి వెళ్ళేటప్పుడు నడిచే టక్కులా కనిపించడంలో వింతేమీ లేదు. అలసట సంగతి నేను చెప్పడం మానేశాను, ఎందుకంటే ఆ మాట అన్న వెంటనే ఎదుటివారు తమ అలసట చెప్పడం మొదలుపెడతారు.

నా తరగతులను మేడ మీద నుంచి కింది గదులకు మార్చమని ప్రధానోపాధ్యాయుని అడిగినప్పుడు ఆయన మర్యాదగానే, "సర్టిఫికెట్ ఉంటే ఎవరూ ఏమీ అనరు మేడం" అన్నారు. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి. 2016 చట్టం వాటిని 21కి పెంచి, దీర్ఘకాలిక నాడీ వ్యాధుల కింద మల్టిపుల్ స్క్లెరోసిస్‌ను పేరుపెట్టి చేర్చింది. అయితే ప్రయోజనాలు చాలావాటికి వైకల్యం కనీసం 40 శాతం ఉండాలి. మీసేవలో స్లాటు తీసుకొని 2021 డిసెంబరులో, వైకల్యం ఎంత శాతమో డాక్టర్లు తేల్చే సదరం శిబిరానికి వెళ్ళాను. ముందు రెండు రోజులు బాగా విశ్రాంతి తీసుకొని, చన్నీళ్ళ స్నానం చేసి, ఇస్త్రీ చీర కట్టుకొని వెళ్ళడం నా తెలివితక్కువతనం. చలికాలం, ఉదయం తొమ్మిది గంటలు. నడవమన్నారు, పది అడుగులు నడిచాను. "మంచిగనే నడుస్తున్నరు కదమ్మా" అన్నారు. 30 శాతం వేశారు.

ఆ వరుసలో నా వెనక నిలబడిన ఒక పెద్దమ్మ, మనుమణ్ణి చంకనెత్తుకొని వచ్చింది, నా కాగితం చూసి, "గట్ల నిటారుగ పోతే ఎట్లిస్తరు బిడ్డా? మళ్ళొచ్చేటప్పుడు కర్ర పట్టుకొని రా" అంది. మళ్ళీ దరఖాస్తు చేసి, ఎమ్మారై ఫిల్ములు, న్యూరాలజిస్టు రాసిన వివరమైన నివేదిక పట్టుకొని 2023లో వెళ్ళినప్పుడు, నేను కర్ర కూడా తీసుకెళ్ళాను. ఆ ఉదయం నాకు దాని అవసరం లేదు. ముందు రోజు సాయంత్రం ఉంది, మరునాటి సాయంత్రం కూడా ఉండింది. 45 శాతం వచ్చింది, మూడేళ్ళ గడువుతో. ఫిల్ములు చూసి వేశారో, కర్ర చూసి వేశారో నేను అడగలేదు. ఉన్న జబ్బును నమ్మించడానికి నేను నటించాను. దొంగ సర్టిఫికెట్ తెచ్చుకునేవాడు చేసేదీ సరిగ్గా అదే. అనుమానం వాడిని ఆపలేకపోయింది, నన్ను మాత్రం వాడి పక్కన నిలబెట్టింది.

అనుమానించేవాళ్ళను తప్పుపట్టే హక్కు నాకు పూర్తిగా లేదు. జబ్బు రాకముందు, వినికిడి లోపం కోటాలో ఉద్యోగం వచ్చిన ఒక సహోద్యోగి ఫోనులో మాట్లాడుతుంటే, "ఈయనకు చెవులు మనకన్నా మంచిగ వినపడతయ్" అని నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఆయన ఎప్పుడూ ఒకే చెవికి ఫోను పెట్టుకునేవారని ఇప్పుడు గుర్తుకు వస్తోంది.

2024 జులైలో ఒక ప్రొబేషనరీ ఐఏఎస్ అధికారిణి వైకల్య సర్టిఫికెట్ల వివాదం దేశమంతా మారుమోగి, చివరికి యూపీఎస్సీ ఆమె అభ్యర్థిత్వాన్ని రద్దు చేసినప్పుడు, స్టాఫ్ రూములో చర్చ ఎక్కడో మొదలై నా కుర్చీ దాకా వచ్చి ఆగేది. వికలాంగుల పింఛను నాలుగు వేల పదహారు అంటూ ఒకరు, ఆదాయపు పన్నులో 80యూ కింద 75,000 మినహాయింపు అంటూ మరొకరు లెక్కలు చెప్పేవారు. జీతం వచ్చే నాకు ఆ పింఛను రాదని వారికీ తెలుసు. పన్ను మినహాయింపు మాత్రం తీసుకుంటున్నాను, దాచేదేమీ లేదు. దానివల్ల మిగిలే పన్ను ఒక్క ఎమ్మారైకి, నాలుగు నెలల మాత్రలకు కూడా సరిపోదని చెప్పబోయి, చెబితే సంజాయిషీ అవుతుందని ఊరుకున్నాను. మోసంతో ఈ ప్రయోజనాలు పొందితే రెండేళ్ళ దాకా జైలో, లక్ష రూపాయల దాకా జరిమానానో, రెండూనో అని ఆ 2016 చట్టంలోని 91వ సెక్షన్ చెబుతుంది. అనుమానం ఉన్నవారు ఫిర్యాదు చేయవచ్చు, మళ్ళీ పరీక్ష పెట్టించవచ్చు. నన్ను బాధపెట్టింది ఫిర్యాదు కాదు. ఫిర్యాదు ఎవరూ చేయలేదు.

ఆ అక్టోబరులో సద్దుల బతుకమ్మ నాడు, ఐదేళ్ళ తరువాత మొదటిసారిగా, మా వీధి ఆడవాళ్ళతో కలిసి పది నిమిషాలు చప్పట్లు కొడుతూ తిరిగాను. పొద్దు గూకింది, గాలి చల్లగా ఉంది, కాలు మాట వింది. ఆ తరువాత రెండు రోజులు మంచం దిగలేదు. మూడో రోజు ఫోను తెరిస్తే మా మండల ఉపాధ్యాయుల వాట్సాప్ గ్రూపులో నా వీడియో ఉంది. కింద ఎవరో ఒక్క మాట రాశారు: "45 శాతం". నవ్వు బొమ్మలు పదిహేడు, లెక్కపెట్టాను. మంచం మీది రెండు రోజులకు వీడియో లేదు. బాగున్న రోజు వచ్చిందంటే అది నాకు వ్యతిరేకంగా సాక్ష్యమవుతుందని అప్పటి నుంచి నాకు భయం పట్టుకుంది. కోలుకోవడాన్ని దాచుకోవలసిన జబ్బు ఇంకేదైనా ఉందేమో నాకు తెలియదు. మరుసటి ఏడు బతుకమ్మను పేర్చి ఇచ్చి, గడపలో కూర్చున్నాను.

ఈ సంగతి మా పెద్దనాన్నకు ఎవరో చెప్పారు. వారిది మర్రిగూడ మండలం. ఫ్లోరైడ్ నీళ్ళు నడుమును విల్లులా వంచేసిన మనిషి, తల ఎత్తి ఎదుటివారి ముఖం చూడలేరు. మా వైపు వికలత్వం అంటే అందరి కళ్ళకూ అలవాటైన ఆకారం అదే. ఆయనను చూసి ఎవరూ ఏ రోజూ కాగితం అడిగి ఉండరని నాకు కొంచెం అసూయ లాంటిది కూడా ఉండేది, సిగ్గుపడుతూనే రాస్తున్నాను. ఆయన మంచం మీద ఒరిగి పడుకొని అన్నారు: "నా నడుము నలభై ఏండ్లకు వంగింది బిడ్డా. కీళ్ళు పట్టేసుడు, నొప్పులు ముప్పైకే షురువైనయి. నాగలి పట్టకపోతే మా నాయన పనిదొంగ అన్నడు. పెండ్లిలల్ల నవ్విన్రు. వంగినంక నమ్మిన్రు." కాసేపు ఆగి, "పదేండ్లు పట్టింది" అన్నారు.

ఇంటికి వచ్చాక ఒక నోటు పుస్తకం పెట్టుకున్నాను. ఎంత ఎండ, ఎన్ని మెట్లు, కాలు ఎప్పుడు మొరాయించింది, ఎంతసేపటికి సర్దుకుంది అని రోజూ రాత్రి నాలుగు మాటలు రాస్తాను. న్యూరాలజిస్టు దానిని చూసి మాత్ర వేళలు మార్చారు. మూడో పిరియడు తరువాత అరగంట విశ్రాంతి ఉండేటట్టు ప్రధానోపాధ్యాయుడు టైమ్‌టేబుల్ సర్దారు. గత పద్నాలుగు నెలలుగా కొత్త దాడి లేదు.

సర్టిఫికెట్ గడువు ముగియవస్తోంది. వికలాంగుల గుర్తింపు కార్డులిచ్చే యూడీఐడీ పోర్టల్‌లో దరఖాస్తు చేశాము, పిలుపు రావాలి. కర్ర తలుపు వెనకే ఉంది. నిన్న రాత్రి మా ఆయన దాని దుమ్ము తుడుస్తూ, "ఈసారి తీసుకపోదామా?" అని అడిగారు. ఆ రోజు పొద్దున కాలు ఎట్లుంటే అట్లనే పోదామని చెప్పాను.